ముక్తినాథ్‌కి బ్యాగ్ సర్దుతున్నారా? ముందు రోజులు సర్దుకోండి



ముక్తినాథ్ క్షేత్రం గురించి వీడియోలో చెప్పుకున్నాం కదా. స్వామి వైభవం, 108 ధారలు, గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు, ఇవన్నీ అక్కడ విన్నారు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రంగా కొలిచే చోటు ఇది. బౌద్ధులకీ అంతే పవిత్రం. వాళ్ళు దీన్ని చుమిగ్ గ్యాత్స అంటారు. ఈ పోస్ట్‌లో మాత్రం అక్కడికి బ్యాక్‌ప్యాక్ వేసుకుని సొంతంగా వెళ్ళాలనుకునే వాళ్ళకి కావాల్సిన తయారీ గురించి మాట్లాడుకుందాం. ఏం మోసుకెళ్ళాలి, ఏం వదిలేయాలి, డబ్బు ఎలా, కాగితాలు ఏమిటి, అన్నీ చూద్దాం.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఈ యాత్రకి అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు ఏ షాపులోనూ దొరకదు, ఏ బ్యాగ్‌లోనూ పట్టదు. అవి రోజులు. మంచి జాకెట్ కొని, మంచి షూ కొని, సెలవు మాత్రం నాలుగు రోజులే పెట్టామంటే తయారీలో సగం వదిలేసినట్టే. ఎందుకో చూడండి.

పూర్వం ఇబ్బంది లేదా?

ముక్తినాథ్ నేపాల్‌లోని ముస్తాంగ్ జిల్లాలో, సముద్రమట్టానికి 3,700 మీటర్ల పైన ఉంది. పోఖరా ఎత్తు సుమారు 820 మీటర్లు. పూర్వం యాత్రికులు పోఖరా వైపు నుంచి కాళీగండకీ లోయ వెంబడి వారం పైనే నడిచి వెళ్ళేవాళ్ళు. రోజుకి కొంచెం కొంచెంగా ఎత్తు పెరిగేది. శరీరం కూడా దానికి తగ్గట్టు అలవాటు పడేది. వాళ్ళెవరూ దీనికోసం ప్రత్యేకంగా ప్లాన్ చేసుకోలేదు. నడకే ఆ పని చేసిపెట్టింది.

2000 తర్వాతి దశాబ్దం చివరికి జీపు రోడ్డు పడింది. ఇప్పుడు పొద్దున్నే పోఖరాలో టీ తాగి బయల్దేరితే రాత్రికి గుడి కింద ఉన్న రాణీపౌవా ఊళ్ళో లాడ్జిలో ఉండొచ్చు. అంటే ఒక్క రోజులో 2,900 మీటర్ల దాకా ఎత్తు పెరిగినట్టు. లేదంటే పోఖరా నుంచి చిన్న విమానంలో 20 నిమిషాల్లో జొమ్‌సోమ్, అక్కడి నుంచి జీపులో అదే రోజు గుడి. రోడ్డు వచ్చాక దూరం తగ్గింది కానీ మన ఊపిరితిత్తులు, మన రక్తం పనిచేసే వేగం మాత్రం మారలేదు. నడక ఇచ్చిన ఆ సమయాన్ని ఇప్పుడు మనమే కావాలని ప్లాన్‌లో పెట్టుకోవాలి.

పైన గాలిలో ఏం జరుగుతుంది?

గాలిలో ఆక్సిజన్ శాతం కిందా పైనా ఒకటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. 3,700 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు మూడింట రెండొంతులే. అంటే ప్రతి శ్వాసకీ లోపలికి వెళ్ళే ఆక్సిజన్ ఆ మేరకి తగ్గుతుంది. శరీరం సర్దుకుంటుంది కానీ దానికి గంటలు చాలవు, రోజులు పడుతుంది.

ఇక్కడ మన కుర్రాళ్ళు చేసే వాదన ఒకటుంది. “నేను రోజూ జిమ్‌కి వెళ్తాను, అలిపిరి మెట్లు 3,550 ఆగకుండా ఎక్కాను, నాకేం కాదు” అని. అలిపిరి ఎక్కితే కాళ్ళకీ గుండెకీ మంచి అభ్యాసమే. కానీ తిరుమల ఎత్తు 1,000 మీటర్ల లోపే. ఫిట్‌నెస్ వేరు, ఎత్తుకి అలవాటు పడటం వేరు. నిజానికి ఫిట్‌గా ఉన్నవాళ్ళే గబగబా ఎక్కేసి ఇబ్బందిలో పడే అవకాశం ఉంది, ఎందుకంటే కాళ్ళు ఆగమని చెప్పవు.

పర్వత వైద్యంలో అందరూ పాటించే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక విశ్రాంతి రోజు ఉండాలి. గమనించండి, లెక్క పడుకునే చోటుది. పగలు పైకెక్కి రాత్రికి కిందికొచ్చి పడుకుంటే శరీరం చాలా తేలిగ్గా తట్టుకుంటుంది.

రోజుల ప్లాన్

ఇది హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు ఎక్కడి నుంచి బయల్దేరే వాళ్ళకైనా పనికొస్తుంది.

1వ రోజు: ఖాట్మండు (సుమారు 1,400 మీటర్లు). వీలైతే పశుపతినాథ్ దర్శనం.

2వ రోజు: పోఖరా. పర్మిట్ పని, సిమ్ కార్డు, డబ్బు మార్పిడి ఇక్కడే ముగించండి.

3వ రోజు: జీపులో గానీ బస్సులో గానీ మార్ఫా (సుమారు 2,670 మీటర్లు). ఆపిల్ తోటల ఊరు, గాలి కాస్త తక్కువ.

4వ రోజు: జొమ్‌సోమ్ మీదుగా కాగ్‌బేని (సుమారు 2,800 మీటర్లు). కాళీగండకీలో ఝోంగ్ నది కలిసే చోటు ఇది. పితృదేవతలకి పిండప్రదానం చేసేది ఇక్కడే. జొమ్‌సోమ్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం గాలి ఎదురుకొడుతుంది.

5వ రోజు: పొద్దున్నే ముక్తినాథ్. స్నానం, దర్శనం, జ్వాలామాయి గుడి. మధ్యాహ్నానికి మళ్ళీ కాగ్‌బేని వచ్చి పడుకోండి.

6వ రోజు: ఖాళీ.

7వ రోజు: పోఖరా. ఆ తర్వాత ఇంటికి రెండు రోజులు.

కాగ్‌బేని నుంచి గుడికి 900 మీటర్ల ఎక్కుడు. అదే రోజు పైనే పడుకుంటే 500 మీటర్ల సూత్రం తప్పినట్టే. అందుకే దిగి రావడం. పైన ఒక రాత్రి ఉండి తీరాలి అనుకుంటే మధ్యలో ఝార్‌కోట్ (సుమారు 3,550 మీటర్లు) దాకా వెళ్ళి ఆగే బదులు, కాగ్‌బేనిలోనే ఇంకో రాత్రి గడిపి, తర్వాత ఝార్‌కోట్, ఆ తర్వాత పైకి వెళ్ళండి.

ఆ 6వ రోజు ఖాళీ ఎందుకు అంటారా? జొమ్‌సోమ్ విమానాలు పొద్దున పూటే తిరుగుతాయి. పొద్దెక్కేకొద్దీ లోయలో గాలి ఉధృతం అవుతుంది. వాతావరణం బాగాలేకపోతే ఆ రోజుకి అంతే. రోడ్డు మీద కొండచరియ పడినా అంతే. ఆఫీసుకి సోమవారం రావాలి కాబట్టి ఆదివారమే దిగాలి అనే ఒత్తిడితో కొండల్లో తీసుకునే నిర్ణయాలు మంచివి కావు. సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్‌కి బఫర్ పెట్టుకుంటాం కదా, అదే ఇది.

ఎప్పుడు వెళ్ళాలి? హుద్‌హుద్ చెప్పే పాఠం

మార్చి నుంచి మే, మళ్ళీ అక్టోబర్, నవంబర్ మంచి నెలలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పోఖరా వైపు రోడ్డు మీద కొండచరియలు ఎక్కువ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మంచు, గడ్డకట్టే చలి.

మంచి నెల అన్నంత మాత్రాన గ్యారంటీ ఏమీ లేదు. 2014 అక్టోబర్ 12న విశాఖని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుఫాను మనకి గుర్తుంది. అది అక్కడితో ఆగలేదు. దాని శేషం ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత హిమాలయాల్లో మంచు తుఫానుగా కురిసింది. ముక్తినాథ్ పైన ఉన్న 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటి గుడి వైపు దిగుతున్నవాళ్ళు చాలామంది అందులో చిక్కుకున్నారు. ఆ ప్రాంతంలో మొత్తం 40 మందికి పైగా చనిపోయారు. అంటే బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని టీవీలో చూస్తే, నేపాల్ వెళ్ళే మనం కూడా దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. బయల్దేరే వారం రోజుల ముందు నుంచి వాతావరణ సూచన చూడండి. స్థానికులు ఆగమంటే ఆగండి. ఖాళీ రోజు ఉంటేనే ఆగగలరు.

బ్యాగ్: ఏడున్నర కిలోల లెక్క

దారిలో ప్రతి ఊళ్ళోనూ లాడ్జి, భోజనం, దుప్పటి దొరుకుతాయి. టెంటు, స్టవ్ అవసరం లేదు. 40 లీటర్ల బ్యాగ్ సరిపోతుంది. బరువు ఇలా పంచుకోండి:

బ్యాగ్, రెయిన్ కవర్: 1.5 కిలోలు
బట్టలు: 2.5 కిలోలు
పల్చటి స్లీపింగ్ లైనర్, తువ్వాలు: 0.5
మందులు, సబ్బు, బ్రష్ వగైరా: 0.7
ఫోన్ చార్జర్, పవర్ బ్యాంక్, హెడ్ టార్చ్: 0.8
తిండి: 0.5
నీళ్ళు: 1

మొత్తం 7.5. విమానం ఎక్కేటప్పుడు సీసా ఖాళీగా ఉంటుంది కాబట్టి 6.5. మన విమానాల్లో సాధారణంగా ఉండే 7 కిలోల క్యాబిన్ పరిమితిలోనే సరిపోయింది.

బట్టల విషయంలో జీన్స్, కాటన్ టీషర్టులు ఇంట్లో వదిలేయండి. కాటన్ చెమటకి తడిసి ఆరదు, చలిలో ఆ తడే ప్రమాదం. మూడు పొరలు చాలు: లోపల త్వరగా ఆరే బనియన్ లేదా థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్. రాత్రికి ఒక పల్చటి డౌన్ జాకెట్. రెండు ప్యాంట్లు, మూడు జతల ఉన్ని సాక్సులు, టోపీ, గ్లవ్స్. లోయలో దుమ్ము బాగా లేస్తుంది కాబట్టి మెడకీ ముక్కుకీ కట్టుకునే గుడ్డ, చలువ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

షూ కొత్తవి వేసుకుని వెళ్ళకండి. కనీసం నెల రోజులు ఆఫీసుకీ, వాకింగ్‌కీ అవే వేసుకోండి.

పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్స్ దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్స్ ఇంటూ 3.7 వోల్టులు, 74 వాట్ అవర్స్. కాబట్టి ఇబ్బంది లేదు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి ఫోన్‌నీ పవర్ బ్యాంక్‌నీ దుప్పట్లో పెట్టుకుని పడుకోండి. మన ప్లగ్గులు నేపాల్‌లో పడతాయి, అడాప్టర్ కొనక్కర్లేదు.

తిండి సంగతి. దారంతా దాల్ భాత్ దొరుకుతుంది. అన్నం, పప్పు, కూర, పచ్చడి అన్నీ ఉంటాయి, మనవాళ్ళకి బెంగ ఉండదు. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ళు ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇంటి నుంచి కరివేపాకు పొడి, కందిపొడి చిన్న ప్యాకెట్లు చాలు. ఆవకాయ సీసా వద్దు. బరువు, పైగా మూత ఊడితే బ్యాగంతా నూనె.

స్నానానికి వేరే సంచి

గుడి వెనక గోడకి వరసగా 108 ధారలు, ముందు రెండు కుండాలు. నీళ్ళు మంచులా ఉంటాయి. అన్ని ధారల కిందా నడిచి, కుండాల్లో మునిగి రావడం సంప్రదాయం. దీనికోసం ఒక చిన్న సంచి విడిగా సర్దుకోండి. తడవడానికి ఒక పంచె లేదా పల్చటి డ్రెస్, త్వరగా ఆరే తువ్వాలు, పొడి బట్టలు పూర్తి సెట్, ఉన్ని టోపీ, సాక్సులు. వేసుకునే క్రమంలోనే పెట్టండి, ముందు వేసుకునేది పైన. వణుకుతున్న చేతులతో బ్యాగంతా వెతకడం నరకం. తడిబట్టలతో ఫోటోల కోసం నిలబడొద్దు, వెంటనే మార్చుకోండి.

తలనొప్పిగా ఉన్నా, ఆయాసంగా ఉన్నా, గుండె జబ్బు, బీపీ ఉన్నా తల మీద నాలుగు చుక్కలు చల్లుకోండి, చాలు. ప్రోక్షణ కూడా స్నానమే అని మన పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారు.

కాగితాలు, డబ్బు

భారతీయులకి నేపాల్ వీసా లేదు. కానీ విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి. మన వయసు వాళ్ళకి ఆధార్ చెల్లదు. ఎయిర్‌పోర్టులో ఈ ఒక్క కారణంతో ఆగిపోయే అవకాశం ఉంది, జాగ్రత్త.

ముక్తినాథ్ అన్నపూర్ణ కన్జర్వేషన్ ఏరియాలో ఉంది. దానికి పర్మిట్ కావాలి, సార్క్ దేశాల వాళ్ళకి 1,000 నేపాలీ రూపాయలు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు నాలుగు పెట్టుకోండి. నడిచి ట్రెక్ చేసేవాళ్ళు ఇంకోటి గమనించాలి. విదేశీ ట్రెక్కర్లకి లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి అని నేపాల్ టూరిజం బోర్డు 2023లో నిబంధన తెచ్చింది. మీ దారికి అది ఎలా వర్తిస్తుందో పోఖరాలో పర్మిట్ తీసుకునేటప్పుడే అడిగి తేల్చుకోండి.

100 భారత రూపాయలు అంటే 160 నేపాలీ రూపాయలు, ఈ రేటు మారదు. మన పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతూ వస్తున్నాయి కాబట్టి 100 రూపాయల నోట్లు తీసుకెళ్ళడమే నిశ్చింత. నగరాల్లో కొన్ని షాపుల్లో యూపీఐ పనిచేస్తుంది, కొండల్లో దాన్ని నమ్ముకోవద్దు. పోఖరాలోనే సరిపడా నగదు మార్చుకోండి. బ్యాంక్ ఓటీపీ రావాలంటే మన సిమ్‌కి రోమింగ్ ఆన్ చేసి ఉండాలి, ఇది ఇంట్లో ఉండగానే చూసుకోండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుంది? హెలికాప్టర్‌లో తరలిస్తే ఖర్చు ఇస్తుందా? ఈ రెండిటికీ రాతలో జవాబు లేకపోతే ఆ పాలసీ ఈ యాత్రకి పనికిరాదు.

ఈ లక్షణాలు కంఠతా పట్టండి

తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం: ఇవి ఎత్తు పడట్లేదని మొదటి హెచ్చరిక. ఇంకా పైకి వెళ్ళకండి, ఆగండి. తగ్గకపోతే దిగండి.

తూలుతూ నడవడం, మాట తడబడటం, అయోమయం, కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు: ఇవి ప్రాణాపాయ సూచనలు. అర్ధరాత్రి అయినా సరే, తోడుతో వెంటనే కిందికి దిగాలి, డాక్టర్ దగ్గరికి చేరాలి. మాత్ర వేసి పొద్దున చూద్దాం అనకూడదు.

డయామాక్స్ పేరుతో దొరికే అసిటజోలమైడ్ మాత్ర ముందుజాగ్రత్తకి వాడతారు. కానీ మీ డాక్టర్‌ని అడక్కుండా వద్దు, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్ళు. అది రోజులకి ప్రత్యామ్నాయం కూడా కాదు.

“స్వామి దగ్గరికేగా, ఏం కాదు”

ఈ మాట ఇంట్లో తప్పకుండా వినిపిస్తుంది. ముఖ్యంగా అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే. వాళ్ళ భక్తి గొప్పది, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. కానీ నేపాల్‌లోనే 4,300 మీటర్ల పైన ఉన్న గోసాయికుండ సరస్సుకి, మన జంధ్యాల పౌర్ణమి నాడు వేలమంది యాత్రికులు ఎక్కుతారు. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అక్కడ ప్రతి ఏటా వైద్య శిబిరం పెట్టాల్సి వస్తోంది. కారణం, యాత్రికులు ట్రెక్కర్ల కంటే త్వరగా ఎక్కేస్తారు, చాలామంది ఉపవాసంతో ఎక్కుతారు, ఒంట్లో బాగాలేకపోయినా దర్శనం అయ్యేదాకా బయటికి చెప్పరు.

అందుకే పెద్దవాళ్ళతో బయల్దేరే ముందే కూర్చుని మూడు విషయాలు ఒప్పందం చేసుకోండి. ఒకటి, తలనొప్పి వస్తే దాచకుండా చెప్పాలి. రెండు, ఎక్కే రోజున ఉపవాసం వద్దు, కనీసం నీళ్ళూ పళ్ళూ తీసుకోవాలి. వ్రతం ఉంటే కిందికి వచ్చాక చేసుకోవచ్చు. మూడు, ఎవరికి బాగాలేకపోయినా ఒక్కరినే వదలకుండా తోడుగా దిగాలి, దర్శనం కాకపోయినా సరే. ఈ మూడోది పైన తేల్చుకోవడం కష్టం. గుడి కనిపిస్తుంటే వెనక్కి తిరగాలని ఎవరికీ అనిపించదు. ఇంట్లోనే మాట ఇచ్చి పుచ్చుకుంటే అక్కడ వాదన ఉండదు. షుగర్, బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్ళని నెల ముందే డాక్టర్‌కి చూపించండి, వేసుకునే మందులు రెండు చోట్ల విడివిడిగా పెట్టండి.

యాత్ర అంటే చేరడం ఒక్కటే కాదు, వెళ్ళే నియమం కూడా అందులో భాగమే అని మన సంప్రదాయం. నలభై రోజుల దీక్షలు పెట్టుకున్నవాళ్ళం మనం. ఆ నిదానాన్నే ఈ యాత్రకి నియమంగా పెట్టుకోండి.

టిక్కెట్లు బుక్ చేసే పేజీ తెరిచే ముందు లీవ్ అప్లికేషన్ తెరవండి. తొమ్మిది రోజులు దొరికితే ఈ ఏడాది వెళ్ళండి. నాలుగే దొరికితే పశుపతినాథ్, పోఖరా హాయిగా చూసి రండి. ముక్తినాథుడు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాడు.

అందరికీ క్షేమంగా దర్శనం కలగాలని కోరుకుంటూ, జై శ్రీమన్నారాయణ.